హైమవతి తొలి కాన్పు

యాభై రెండేళ్ళ హైమవతికి ఎనిమిదో నెల, తొలి చూలు. రాబోయే ఆ రోజుల్లో అదేమంత వింత కాదు. కాకినాడలో ఆమె టిఫిన్ సెంటరున్న వీధిలోనే, యాభై దాటి కడుపుతో ఉన్నవాళ్ళు మరో ఇద్దరున్నారు. ముగ్గురి చేతులకీ ఆస్పత్రివాళ్ళు తొడిగిన మాట్లాడే గాజు ఉంది.

ఆ ఉదయం ఆమె పెసరట్టు తిప్పుతుండగా గాజు నోరు విప్పింది.

"హైమవతి గారూ, మీ రక్తపోటు బాగా పెరిగింది. ఆస్పత్రి బండి బయల్దేరింది."

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను. ఇంకా ఆరు అట్లు వెయ్యాలి," అందామె.

పక్కనే అల్లం తరుగుతున్న తల్లి సుభద్రమ్మ చెయ్యి ఆగిపోయింది.

"మా అక్కా ఇదే మాటంది. పొద్దున్న గుండ్రాయిలా తిరిగిన మనిషి, సాయంత్రానికి గుర్రపువాతం కమ్మి, ఫిట్లొచ్చి కొట్టుకుని కడుపులో బిడ్డతో సహా పోయింది. దానికి ముందుగా చెప్పేవాళ్ళు లేకపోయారే. నీకు చెప్తోంది కదా, కదులు!" అంటూ అట్లకాడ లాక్కుంది.

హైమవతికి అప్పుడు భయమేసింది. పొయ్యి ఆర్పి, బండి రాగానే ఎక్కింది.

డాక్టరమ్మ ఆలస్యం చెయ్యకుండా ఆపరేషన్ చేసింది. రెండు కిలోల ఆడపిల్ల వార్డు అదిరేలా ఏడ్చింది. మూడో రోజుకి తల్లి రక్తపోటూ దారికొచ్చింది.

మనవరాలిని ఒళ్ళో వేసుకుని సుభద్రమ్మ మురిసిపోతూనే కూతుర్ని దెప్పింది.

"నాకు పురుడు పోసేనాటికి మా అమ్మకి నలభయ్యేనే. నీకు పొయ్యడానికి నాకు డెబ్బై అయిదు! రెండోదాని ఊసెత్తావంటే ఊరుకోను."

కుట్లు లాగుతున్నా హైమవతికి నవ్వు ఆగలేదు.