బల్కార్ హోటల్లో చీజ్ నాన్

"ఆహా! వెయ్యేళ్ల పంజాబ్ రుచి!" నాన్ నములుతూ కళ్లు మూసుకున్నాడు గైతాన్. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో పేరున్న ఫ్రెంచి హోటళ్లనే పత్రికలో ఉతికి ఆరేసే నాలుక అది. రేపు ఆయన రాసే నాలుగు ముక్కల మీదే బల్కార్ ఇండియన్ హోటల్ నిలిచేదీ మూతపడేదీ.

"మీ నాయనమ్మ నేర్పిందా?" పెన్ను తీసి రాయడం మొదలెట్టాడు గైతాన్.

ఎదురుగా నిలబడ్డ హోటల్ యజమాని బల్కార్ ఊఁ అంటే చాలు. ఈలోగా గైతాన్ భార్య ఓదీల్ ఓ ముక్క చప్పరించి నవ్వింది. "ఈ రుచి నాకు తెలుసే! నిజం చెప్పండి సర్దార్‌గారూ."

"మా నాయనమ్మ చీజ్ మొహమే చూడలేదమ్మా," అనేశాడు బల్కార్. "ఇది మీకోసం ఇక్కడే పుట్టింది. లోపలున్నది పక్క కొట్లో చిన్నపిల్లలకని అమ్మే డబ్బా చీజ్."

"అదీ సంగతి! నేను కొంటే బంక అని ఇరవయ్యేళ్లుగా చెత్తబుట్టలో పారేస్తున్నాడు ఈ మహానుభావుడు!"

గైతాన్ చెవులు ఎర్రబడ్డాయి. రాసిందంతా కొట్టేశాడు. తన పని అయిపోయిందనుకున్నాడు బల్కార్.

గైతాన్ ఖాళీ పళ్లెం ముందుకు తోశాడు. "ఇంకో రెండు పట్రండి. తిన్నాక రాస్తా, నాయనమ్మ లేకుండా."

తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "ఓదీల్, ఇంట్లో ఆ బంక ఏమైనా మిగిలిందా?"