నూకాలు చేతి పట్టీ

లివర్‌లో కొవ్వు గ్రేడ్ వన్ దాటితే ఉద్యోగం ఊడే రోజులవి. ప్రతి ఉద్యోగి చేతికీ ఆఫీసు వాళ్ల పట్టీ ఉంటుంది. అది అడుగులు లెక్కబెడుతుంది, లివర్‌నీ చూస్తుంది.

పరాంకుశం గారికి గ్రేడ్ టూ వచ్చింది. రోజూ గంట నడవమని ఆఫీసు మూడు నెలలు గడువిచ్చింది. ఆయన పట్టీ విప్పి పనిమనిషి నూకాలు చేతికి కట్టారు. నాలుగిళ్ల పని చేసే మనిషి, ఎలాగూ నడుస్తూనే ఉంటుంది కదా!

గడువు రోజున రిపోర్టు వచ్చింది. అడుగులు భేష్. లివర్ గ్రేడ్ త్రీ. అడుగులు బాగున్నందుకు ఆఖరిసారిగా ఇంకో మూడు నెలలు గడువిచ్చారు.

"పుల్లలా ఉంటావు, నీకు కొవ్వేంటే? మందు గానీ తాగుతున్నావా?" అని పరాంకుశం గారు నూకాలు మీద విరుచుకుపడ్డారు.

"చుక్క ముట్టను బాబూ. మీకు పడవని అమ్మగారు రోజూ కట్టిచ్చే బూరెలు, బిర్యానీ, కూల్‌డ్రింకులే తింటన్నాను, తాగుతన్నాను. ఇంటికెల్లి వండుకుందారంటే పొద్దుండొద్దా?"

వంటింట్లో భార్య చేతిలో ఆ పూట పొట్లం ఉంది.

పరాంకుశం గారు నూకాలు చేతి పట్టీ విప్పుకున్నారు. ఆమెను రేపట్నుంచి రావద్దన్నారు. తర్వాత భార్య వైపు తిరిగి చెప్పారు.

"ఈసారి మనింట్లో తిననిదాన్ని చూడు."