తొమ్మిదికి తెగిన బండ

"ఇరవై ఒక్క అంకెల సంఖ్య ఇది. దేంతో భాగించినా తెగదంట, అంకెల జాతకం చూసే స్వామి చెప్పినాడు. మా తొమ్మిదిమంది భాగస్తులం గూడా ఇట్లనే విడిపోకుండా ఉండల్ల. ఈ బండ మీద బాగా చెక్కు హుసేనూ, గేటు పక్కన నిలబెడతాం," అన్నాడు బండల ఫ్యాక్టరీ పెద్ద భాగస్తుడు గంగిరెడ్డి.

నేను ఉలి కింద పెట్టి, ఆయనిచ్చిన చీటీలోని అంకెలన్నీ కూడి చూశాను. ఎనభై ఒకటి వచ్చింది.

"తెగుతాదన్నా. తొమ్మిదికి తెగుతాది."

"చివర ఏడు ఉండాది గదరా!"

"చివరంకె చూస్తే రెండుకూ అయిదుకూ మాత్రమే తెలుస్తాది. తొమ్మిదికైతే అంకెలన్నీ కూడల్ల. ఆ మొత్తం తెగితే సంఖ్యా తెగుతాది."

"ఎనిమిదీ ఒకటీ తొమ్మిది. కూడితే తొమ్మిది రావల్లని నేనే స్వామిని అడిగినా. అది నా అదృష్టం."

"ఆ అదృష్టమే దాన్ని తొమ్మిది ముక్కలు చేస్తాండాదన్నా."

"పది తప్పినోనివి, స్వామికే లెక్కలు చెప్తావా? రేపట్నుంచి పనికి రాబాకు."

నాలుగు నెలలకే భాగస్తులు కొట్లాడుకున్నారు. యంత్రాలు పంచుకున్నారు, లారీలు పంచుకున్నారు. వేరేవాడితో చెక్కించి గేటు పక్కన నిలబెట్టిన ఆ బండను మాత్రం ఎవరూ వదులుకోలేదు. సమానంగా కోయడానికి గంగిరెడ్డి నాకే కబురు పెట్టాడు.

తొమ్మిది ముక్కలు కోశాను. శేషం సున్నా. నా లెక్క నెగ్గిందని మురిసిపోతూ బయటికి వచ్చాను.

గేటు దగ్గర, ఒకప్పుడు నాతో పనిచేసిన పదమూడుమంది నిలబడి ఉన్నారు. వాళ్లను ఏ భాగస్తుడూ తన వాటాలో వేసుకోలేదట.

నా లెక్కలో నేనూ వాళ్లను వేయలేదు.