ఏడు పిన్నులు

"దాన్ని ముట్టుకున్నావంటే నీ చేతులు పడిపోతాయి!"

నొమావెతు గుమ్మంలోనే నిలబడి అరిచింది. లువాండిలె తలెత్తలేదు. అతని బల్ల మీద పాత కంప్యూటర్ బోర్డు ఉంది. అందులోంచి ఊడదీసిన చిప్పుకి సన్నటి లోహపు కాళ్లలా ఉండే పిన్నుల్లో మూడు తుప్పుపట్టి మొదలంటా విరిగిపోయాయి.

ఆ కంప్యూటర్, కూలగొడుతున్న పాత పోలీస్ ఠాణా నేలమాళిగలో దొరికింది. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల పాలన నడిచిన రోజుల్లో పోలీసులకి కబుర్లు మోసి తోటివాళ్లని పట్టించిన ఇంపింపీల పేర్లన్నీ దాని డిస్కులో ఉన్నాయని బస్తీ నమ్మకం. ఆ చిప్పు పనిచేస్తేనే డిస్కు తెరుచుకుంటుంది. బస్తీ సంఘం ఆ పని లువాండిలెకి అప్పగించింది. అంత పాత బోర్డులు బాగుచేయగలవాడు ఈ చుట్టుపక్కల అతనొక్కడే.

"పెద్దమ్మా, నీ మొగుణ్ణి పట్టించినవాడి పేరు కూడా బయటపడుతుంది. సంతోషించాల్సింది పోయి ఈ తిట్లేంటి?"

ఎనభై ఆరులో ఆమె భర్త తెంబెకిలెని పోలీసులు ఇంట్లోంచి లాక్కెళ్లారు. శవం కూడా తిరిగి రాలేదు.

"వాడెవడో నాకు తెలుసు. నీ డబ్బా చెప్పక్కర్లేదు."

"తెలిస్తే చెప్పు మరి!"

ఆమె గుమ్మం మీద ఉమ్మేసి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చింది. లువాండిలె సన్నటి ఆకురాయితో చిప్పు అంచు అరగదీస్తున్నాడు. నల్లటి పైపొర పోయి లోపలి లోహం చీమ తలంత మెరిస్తే చాలు, దానికి కొత్త పిన్ను అతికించొచ్చు. ఊపిరి బిగబట్టి చేసే పని.

నొమావెతు చటుక్కున చిప్పు లాక్కుని వాకిట్లోకి విసిరింది. చెప్పుకాలితో తొక్కింది. ఇంకో నాలుగు పిన్నులు విరిగాయి.

లువాండిలెకి ఒళ్లు మండిపోయింది. వీధి వీధంతా వినేలా అరిచాడు.

"ఇప్పుడర్థమైంది నీ భయం! మనవాళ్లని పోలీసులకి అమ్మింది నీ మొగుడే! ఇంపింపి పెళ్లానివి నువ్వు!"

జనం పోగయ్యారు. ముప్పై ఏళ్లుగా ఆమెని వీరుడి భార్య అని లేచి నిలబడి పలకరించినవాళ్లే. ఎవరో మట్టిగడ్డ విసిరారు. ఆమె భుజానికి తగిలింది.

నొమావెతు భుజం మీది మట్టి దులుపుకుంది.

"అలాగే అనుకోండి," అంది. "మీ ఇష్టం వచ్చినట్టు అనుకోండి. ఆ డబ్బాని మాత్రం తగలబెట్టండి."

మూడో రోజు లువాండిలె తలుపు గడియపెట్టుకుని కూర్చున్నాడు. పాడైపోయిన మరో చిప్పు నుంచి పిన్నులు కత్తిరించి ఒక్కొక్కటే అతికించాడు. మొత్తం ఏడు. బయట నొమావెతు తలుపు బాదుతూనే ఉంది. ఆమె బాదినకొద్దీ అతని పంతం పెరిగింది.

మధ్యాహ్నానికి చిప్పు బోర్డులో కూర్చుంది. తలుపు తీశాడు. సంఘం పెద్దలు లోపలికొచ్చారు. వాళ్లని తోసుకుంటూ నొమావెతు కూడా వచ్చింది.

స్విచ్ వేశాడు. డిస్కు గరగరమంది. తెర మీద పచ్చటి అక్షరాలు వెలిగాయి.

"చూడండి, ఈవిడ మొగుడి బండారం!" అంటూ తెంబెకిలె పేరు కొట్టాడు.

"చదవకురా," అంటూ ఆమె అతని కళ్లు మూయబోయింది. ఆ చేతిని విదిలించికొట్టాడు.

పట్టుబడినవాళ్ల వరుసలో తెంబెకిలె పేరు వచ్చింది; దాని పక్కనే, పట్టించినవాడి గడిలో, లువాండిలె కన్నతండ్రి పేరుంది.