ఈగ వాలిన డిగ్రీ

"ఆ ఈగల సీసాలు నా ల్యాబు గడప దాటడానికి వీల్లేదండీ!"

కంప్యూటర్ మాస్టారు గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డారు. ఎదురుగా జీవశాస్త్రం మేడమ్, ఆమె చేతుల్లో ట్రే, ట్రేలో రెండు గాజుసీసాలు. అడుగున అరటిపండు గుజ్జు, మూతికి గట్టిగా కుక్కిన దూది, మధ్యలో నువ్వుగింజంతేసి పండు ఈగలు గిరికీలు కొడుతున్నాయి.

"డిగ్రీ మనిద్దరిదీ మాస్టారూ. తనిఖీకి వచ్చినవాళ్ళకి ఉత్త కంప్యూటర్లు చూపిస్తే, ఇందులో జీవం ఎక్కడుందని అడగరా?"

"సిలబస్‌లో ఉంది కదండీ. సగం పేజీలు మీవేగా!"

మేడమ్ పళ్ళు నూరుకుంది. కంప్యూటర్లనీ జీవశాస్త్రాన్నీ కలిపి కొత్త డిగ్రీ పెట్టాలని ప్రిన్సిపాల్ గారు అనుకున్న రోజు నుంచీ ఇదే వరస. ఈయన ఎడ్డెమంటే తను తెడ్డెం. తన కంప్యూటర్ల మీద ఈగ వాలనివ్వరని ఆయనకి కాలేజీ అంతా పేరు. అలాంటి మనిషి దగ్గరికి నిజం ఈగల్నే తీసుకొచ్చింది మరి.

"లోపలికి రానివ్వండి నాయనా, వాళ్ళ కారు వచ్చేసింది," అంటూ ప్రిన్సిపాల్ గారు హ్యాండ్‌బ్యాగు ఊపుకుంటూ, వగరుస్తూ వచ్చారు. మాస్టారు గొణుక్కుంటూ పక్కకి జరిగారు. సీసాలు ల్యాబులో వెనక బల్ల మీదికి చేరాయి.

యూనివర్సిటీ నుంచి వచ్చింది ముగ్గురు. వాళ్ళలో పెద్దాయన తల నున్నగా మెరుస్తోంది. ఆయన సిలబస్ ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ తిరగేశాడు.

"మొదటి సగం ఈవిడ రాశారు. రెండో సగం ఈయన రాశారు. రెండూ కలిసిందెక్కడ? ఈ స్టేప్లర్ పిన్ను దగ్గరా?"

ఆయన సిలబస్ మూసి బల్ల మీద పడేశాడు.

"ఇది డిగ్రీ కాదండీ, అతుకుల బొంత. పిల్లలు పొద్దున ఒక కాలేజీకీ, మధ్యాహ్నం ఇంకో కాలేజీకీ వెళ్ళినట్టుంటుంది. సరే, టీ తాగొచ్చి మా నిర్ణయం చెప్తాం."

ఆ నిర్ణయం ఏమిటో ఆయన ముఖంలోనే కనిపిస్తోంది. వరండాలో మేడమ్ టీ కప్పు తాగకుండానే పక్కన పెట్టేసింది. ఈ ఏడాది కాకపోతే ఇక ఎప్పటికీ కాదని ప్రిన్సిపాల్ గారు ముందే చెప్పారు. ఏడాది పాటు పోట్లాడి పోట్లాడి రాసినదంతా బూడిదలో పోసిన పన్నీరే! ఓదార్పుగా ఒక మాట అనడానికైనా మాస్టారు పక్కన లేరు. ప్రిన్సిపాల్ గారూ ఎటో వెళ్ళారు.

మళ్ళీ అందరూ ల్యాబులో అడుగు పెట్టేసరికి గోడకున్న తెల్లటి తెర నిండా నల్లటి చుక్కలు. చుక్కలు నడుస్తున్నాయి! కొన్ని ఎగురుతున్నాయి.

"ఈగలు!" అని అరిచాడు పెద్దాయన. ఆ కేకకి బయట ఉన్న పిల్లలు లోపలికి పరిగెత్తుకొచ్చారు.

మేడమ్ గబుక్కున వెనక్కి తిరిగింది. వెనక బల్ల మీద రెండు సీసాలూ ఖాళీ. దూది తనే సరిగ్గా కుక్కలేదు కాబోలు. మాస్టారి మొహం చూడడానికి ధైర్యం చాలలేదు.

"ఎన్ని పారిపోయాయో ఎలా తెలుస్తుందమ్మా?" అని అడిగారు ప్రిన్సిపాల్ గారు.

"తెల్ల తెర మీద నల్ల చుక్కలే కదా మేడమ్, కంప్యూటర్ లెక్కపెట్టేస్తుంది," అంటూ మాస్టారి శిష్యురాలొకతె కెమెరా తగిలించి టకటకా ఏదో కొట్టింది. అంకె వచ్చింది.

మేడమ్ శిష్యుడు కిసుక్కున నవ్వాడు. "అందులో ఒకటి టీ మరక. ఈగైతే కదలాలిగా?"

"సరే, కదిలినవే లెక్కపెట్టమంటా."

"మరి కూర్చున్నవో? అవి పాపం ఈగలు కావా? ఆకారం చూడమను. వెనక చివర నల్లగా ఉంటే మగది, లేకపోతే ఆడది. పనిలో పనిగా అదీ తేలిపోతుంది."

"నల్లగా అంటే ఎంత నల్లగా? దీనికి 'కొంచెం' అంటే అర్థం కాదు. కొలిచి చెప్పు."

అబ్బాయి ఇన్నాళ్ళూ చూసి చెప్పడమే గానీ ఎన్నడూ కొలవలేదు. భూతద్దం అందుకుని తెర దగ్గరికి పరిగెత్తాడు. ఇద్దరూ కీచులాడుకుంటూ, చెరుపుకుంటూ, మళ్ళీ రాసుకుంటూ ఉంటే తనిఖీవాళ్ళు కుర్చీలు ముందుకి లాక్కున్నారు. అంతలో ఒక ఈగ తిన్నగా వెళ్ళి పెద్దాయన నున్నటి తల మీద వాలింది. అమ్మాయి కెమెరా అటు తిప్పింది.

'ఆడ' అని చూపించింది కంప్యూటర్.

గది గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది పెద్దాయనే.

"ఇదీ కలవడమంటే! మొదటి ఏడాది నుంచే ఒకటే ల్యాబు, ఒకటే బల్ల అని సిలబస్‌లో రాయండి. అనుమతి ఇస్తున్నాం."

కారు గేటు దాటాక ల్యాబులో మేడమ్, మాస్టారు, ప్రిన్సిపాల్ గారు ముగ్గురే మిగిలారు. మేడమ్ తల వంచుకుంది.

"క్షమించండి మాస్టారూ. దూది నేనే వదులుగా పెట్టినట్టున్నాను."

"వదులా! పీకేసరికి నా గోళ్ళు ఊడొచ్చాయండీ."

"అంటే... మీరా?"

"ఏడాది కష్టాన్ని పట్టుకుని బొంత అంటే ఊరుకుంటానా? పిల్లలు వచ్చి పట్టుకుంటారు, ఏదో ఒకటి జరుగుతుంది అనుకున్నా." మాస్టారు సీసాల వంక చూసి బుర్ర గోక్కున్నారు. "కానీ నేను తీసింది ఒక్కటేనండీ. రెండోది ఎలా ఊడిందో నాకూ అంతు పట్టడం లేదు."

ప్రిన్సిపాల్ గారు హ్యాండ్‌బ్యాగు తెరిచి, నలిగిన దూది ఉండ ఒకటి తీసి బల్ల మీద పెట్టారు.

"నేనూ ఒక్కటే తీశాను నాయనా. ఒక్క సీసా ఈగలు చాలవేమోనని ఎంత భయపడ్డానో!"