వేయించిన మట్టి

"పచ్చిమట్టే కావాల భద్రమ్మా. వేయించింది పనికిరాదు," అంటూ డాక్టర్ ఈశ్వరప్ప అరుగు మీద గాజు సీసాలు పెట్టాడు.

వాకిట్లో బాణలి పెట్టి ఎర్రమట్టి వేయిస్తున్న భద్రమ్మ తలెత్తలేదు. సర్పి పొక్కులు లేస్తే గుమ్మఘట్ట చుట్టుపక్కలంతా ఆమె మట్టిపూత కోసమే వచ్చేవారు. రెండేళ్లుగా నెలకొకరు వస్తే గొప్ప.

"వేయించకుండా పూస్తే పోలీసుల్ని పిలుస్తానంటివి గదప్పా."

"అన్నాను, చీము పడుతుందని. సర్పి వైరస్ వల్ల వస్తుంది. మట్టిలో కంటికి కనపడని జీవులుంటాయి. అవి వదిలే పదార్థమేదో వైరస్‌ను చంపుతుందేమోనని ఇప్పుడు బెంగళూరులో పరీక్షిస్తున్నారు. వేయిస్తే ఆ జీవులు చస్తాయి."

భద్రమ్మ చేతిలో గరిటె ఆగింది.

"అంటే, నీ మాట విన్నంకనే నా పూత పనిచెయ్యకుండా పోయినాది."

"ఖాయంగా చెప్పలేను."

"నా చేతివాసి పోయినాదని ఊరంతా అన్యారు. నేనూ నమ్మినా. రెండేండ్లుగా ఈ చేత్తో నా మనవరాలికి తలకు నూనె గూడా పెట్టలేదు."

ఆమె బాణలి ఎత్తి, పొగలు కక్కుతున్న మట్టిని ఆయన సీసాల పక్కన కుమ్మరించింది.

"నువ్వు చెప్పినట్లే వేయించినా. తీసకపో."

చేతులు కడుక్కుని నూనెగిన్నె అందుకుంది.

"లచ్చుమీ, ఇట్ల రాయే."