ఐదు గంటల లెక్క

“ముందు ఆ తలుపు వెయ్యండి. తర్వాతే ఇది తీస్తాను,” అన్నాడు పెద్దాయన కిటికీలోంచి.

పరిశోధకురాలు వెనక్కి వెళ్లి వరండా తలుపు మూసింది. గడియ పడ్డ చప్పుడు చెవిన పడ్డాకే ఆయన హాలు తలుపు తీశాడు. ఒక తలుపు తెరిచి ఉండగా రెండోది తెరవకూడదు. జైలు గేట్ల దగ్గర అదే పద్ధతని ఆమెకు ఇప్పటికి కంఠతా వచ్చేసింది. ఈయన బయటికొచ్చి ఎనిమిది నెలలైనా ఆ పద్ధతి ఈయన్ని వదల్లేదన్నమాట.

ఆమె సంచిలోంచి ఫారాలు తీసింది. ఇది పదో ఇంటర్వ్యూ. ఇదొక్కటీ పూర్తయితే ఒడ్డున పడుతుంది. జైలు మనుషుల్ని ఎలా మారుస్తుంది, బయటికొచ్చాక ఆ మార్పు ఎన్నాళ్లు ఉంటుంది అన్నది ఆమె పరిశోధన విషయం. ఇలాంటివాళ్ల చిరునామాలు ఎవరూ అచ్చువేసి పంచరు కనుక, ఒకరిని పట్టుకుని వాళ్లచేత ఇంకొకరి పేరు చెప్పించుకుంటూ ఇంతదూరం వచ్చింది. తొమ్మిదో మనిషి ఒక టైలరు. కత్తెర పక్కన పెట్టి మరీ చెప్పాడు: “మా అందరికన్నా ఎక్కువకాలం లోపలున్నది పెద్దాయనే. ఆయన్ని కలవకపోతే మీరు రాసేది సగమే.”

“ఎన్నేళ్లండీ లోపల?” అని మొదలుపెట్టింది.

“ముప్పై ఒకటి,” అంది ఆయన భార్య, టీ గ్లాసు అందిస్తూ. “పెళ్లైన మూడో నెల్లోనే వెళ్లారు. ఇల్లు ఇక్కడ, ఆయన అక్కడ. సెలవిస్తే వచ్చేవారు, లేకపోతే లేదు. పిల్ల పుట్టిన కబురు కూడా మూడు రోజులకి చేరింది.”

ఏం చేసి వెళ్లాడని ఆమె అడగలేదు. నేరం సంగతి ఎత్తకూడదన్నది వాళ్ల విభాగం పెట్టిన నియమం. తొమ్మిదిమందినీ అడగలేదు, ఈయన్నీ అడగదు. నియమం తప్పితే గైడు ప్రొఫెసరు ప్రాణం తోడేస్తాడు.

పెద్దాయన కూర్చోనే లేదు. ఈ గోడ నుంచి ఆ గోడకి ఏడడుగులు, మళ్లీ ఇటు ఏడడుగులు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ గడియారం వంక చూస్తున్నాడు. నాలుగూ ఇరవై. ఆయన్ని చూస్తుంటే ఆమెకూ కుర్చీలో కుదురు లేకుండా పోయింది.

లోపలి గదిలో పెట్టెలో బట్టలు సర్దుతున్న కూతురు విసురుగా బయటికొచ్చింది.

“మీరు చదువుకున్నవారు, మీరే అడగండి. నిన్న ఐదింటికి ఏం చేశారో చెప్పమనండి.”

భార్యే అందుకుంది.

“పొద్దున్న ఐదింటికీ సాయంత్రం ఐదింటికీ ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టుకుంటారమ్మా. నిన్న ఒకరు తక్కువొచ్చారు. మనవరాలు పక్కింట్లో ఆడుకుంటోంది, అంతే. దానికి ఇల్లు పీకి పందిరేశారు. తలుపులన్నీ మూసేసి, ఎవరూ కదలొద్దని ఒకటే కేకలు. పిల్ల వచ్చాక రెక్క పట్టుకుని గోడవారన నిలబెట్టారు. నాలుగేళ్ల పసిది, హడలిపోయింది.”

“ఇప్పటికీ ఉలిక్కిపడుతోంది. ఇంక దాన్ని ఈ గడప తొక్కనివ్వను,” అంది కూతురు.

పెద్దాయన నడక ఆగిపోయింది.

“లెక్క తప్పితే లోపల ఏమవుతుందో మీకు తెలీదు,” అన్నాడు.

పరిశోధకురాలు కాగితం అంచున ‘శిక్ష భయం’ అని రాసుకుంది.

“అమ్మాయీ, ఈ అలవాటు పోతుందా?” అన్నాడాయన ఉన్నట్టుండి. “పొద్దున్న మనవరాలు నన్ను చూసి మంచం కింద దూరింది. అది రాకపోతే ఇంక నేనుండీ ఏం లాభం?”

ఇలాంటివాటికి జవాబు చెప్పకూడదన్నది ఇంకో నియమం. ఆమె దాన్ని గట్టున పెట్టింది.

“పోతుంది బాబాయిగారూ. తొమ్మిదిమందిని చూశాను. మొదట్లో అందరూ ఇంతే. ఒకాయనైతే ఎవరో ఒకరు చెబితే తప్ప స్నానానికి కూడా లేచేవాడు కాదట. రెండేళ్లు తిరిగేసరికి అందరూ సర్దుకున్నారు. మీ టైలరుగారు ఇప్పుడు తలుపులు బార్లా తెరిచి మధ్యాహ్నాలు గుర్రుపెట్టి నిద్రపోతున్నారు.”

“వాళ్ల సంగతి సరే. నాకూ అంతేనా?”

“మీకు మాత్రం వేరేనా? ఒకటే జైలు, ఒకటే గోడలు.”

కూతురు ఆమెనే చూస్తూ నిలబడింది. “నిజంగానా? మా నాన్న మనసు నొప్పించకూడదని అనడం లేదు కదా?”

“కావాలంటే రాసిస్తాను.”

కూతురు పమిట చెంగుతో మొహం తుడుచుకుంది.

“రెండేళ్లేగా, ఎలాగో నెట్టుకొద్దాం. నెలకోసారి తీసుకొస్తాను నాన్నా. ఐదింటికి మాత్రం నువ్వు పార్కుకి పోవాలి. అక్కడ చెట్లని లెక్కపెట్టుకో.”

భార్య నవ్వబోయి ఏడ్చేసింది. పెద్దాయన మొదటిసారిగా కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాడన్న పేరేగాని మోకాళ్లు ఆడుతూనే ఉన్నాయి.

పరిశోధకురాలు కాగితాలు సర్దుకుంది. ఫారంలో ఒక్క గడి మిగిలింది.

“మీ ఖైదీ నంబరు చెప్పండి బాబాయిగారూ, రాసుకుని బయల్దేరతాను.”

ఆయన తెల్లబోయి ఆమె వంక చూశాడు.

“నాకు నంబరెక్కడిదమ్మా, నేను ఖైదీల్ని లెక్కపెట్టే వార్డరుని.”